అట్లాంటాలో అమ్మతో 45 నిమిషాలు

మా చెల్లి సీమంతం ఆదివారం పెట్టుకున్నారు, అమెరికాలో నార్త్ కరోలినాలోని ర్యాలీ పక్కన మోరిస్‌విల్‌లో. అమ్మ అప్పటికి తెనాలి నుంచి వచ్చి నెలన్నర అయింది, అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో మా ఇంట్లోనే ఉంది. శుక్రవారం బయల్దేరదాం అనుకుని టికెట్లు చూస్తే మాకు కుదిరే డైరెక్ట్ ఫ్లైట్ ఏదీ లేదు, అట్లాంటాలో మారాల్సిందే. రెండు ఆప్షన్లు కనపడ్డాయి, ఒకదాంట్లో మధ్యలో 45 నిమిషాలు, ఇంకోదాంట్లో 2 గంటల 20 నిమిషాలు. అమ్మకి ఎక్కువసేపు కుర్చీలో కూర్చుంటే నడుం పట్టేస్తుంది కదా, ఎయిర్‌పోర్ట్‌లో అంతసేపు ఎందుకులే అని 45 నిమిషాలది బుక్ చేసేశా. అమ్మ కోసమే అలా చేశా, కానీ అది తప్పు నిర్ణయం, ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఎవరైనా ఆ తప్పు చేయకూడదనే ఇదంతా రాస్తున్నా.

బుకింగ్ సైట్ 45 నిమిషాల కనెక్షన్ అమ్ముతోందంటే సరిపోతుందనేగా అనుకుంటాం. వాళ్లకి మినిమమ్ కనెక్టింగ్ టైమ్ అని ఒక లెక్క ఉంటుంది, ప్రతి ఎయిర్‌పోర్ట్‌కీ ఇంత అని, దానికన్నా తక్కువైతే ఒకే టికెట్ మీద అమ్మరు. కానీ ఆ లెక్కలో మోకాళ్ల నొప్పులున్న 67 ఏళ్ల మనిషి ఉండదు. ఇంకోటి ఏంటంటే ఆ 45లో నుంచి ముందే 15 తీసేయాలి, ఎందుకంటే ఇక్కడ చాలా ఎయిర్‌లైన్స్ బయల్దేరే టైమ్‌కి 15 నిమిషాల ముందే గేట్ దగ్గర ఉండాలంటాయి, ఆ తర్వాత తలుపు వేసేస్తే విమానం ఎదురుగా కనపడుతున్నా ఎక్కనివ్వరు. అంటే నా చేతిలో ఉన్నవి 30 నిమిషాలే.

ఆ రోజు అట్లాంటా దగ్గర ఉరుములూ మెరుపులూ, ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కడ మామూలే. హంట్స్‌విల్‌లోనే కాసేపు ఆపారు. మేం ఎక్కింది చిన్న విమానం, పైన అరల్లో చక్రాల సూట్‌కేస్ పట్టదు, అందుకని తలుపు దగ్గరే ట్యాగ్ వేసి తీసుకుని విమానం కింది భాగంలో పెడతారు, దిగాక జెట్‌బ్రిడ్జ్‌లో, అంటే విమానం తలుపు నుంచి గేట్ దాకా ఉండే గొట్టం లాంటి దారిలో, నిలబడి మళ్లీ తీసుకోవాలి. అమ్మ ఆ సూట్‌కేస్‌లో చెల్లికి పెట్టాల్సిన చీరా, నాలుగు డజన్ల గాజులూ సర్దింది, అవి తెనాలిలో కొని అంత దూరం నుంచి తెచ్చినవి, వాటిని వాళ్ల చేతుల్లో పెట్టడానికి ఒప్పుకోలేదు. అక్కడే సూట్‌కేస్ తెరిచి గాజుల డబ్బా బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది మాత్రం చాలా మంచి పని. మందులు, పాస్‌పోర్ట్, పగిలేవి ఏవైనా సరే సీటు కింద పట్టే చేతిసంచిలోనే ఉంచుకోండి.

ఇంకో సంగతి, హంట్స్‌విల్ సెంట్రల్ టైమ్, అట్లాంటా ఈస్టర్న్ టైమ్, ఒక గంట ముందుంటుంది. ఫోన్ తనే మార్చుకుంటుంది, అమ్మ చేతి వాచీ మార్చుకోదుగా. విమానం తలుపు తెరిచేసరికి 4:57. మా తర్వాతి ఫ్లైట్ 5:33కి. అమ్మ వాచీ చూసి "ఇంకా నాలుగు కూడా కాలేదు, గంటన్నర ఉందిగా నాన్నా, తొందరేముంది" అని నింపాదిగా లేచి పైట సర్దుకుంటోంది. నాకేమో గుండె దడదడలాడుతోంది. మా సీట్లు 14వ వరసలో, ముందున్నవాళ్లందరూ దిగి మేం బయటికి వచ్చేసరికి 5:03, జెట్‌బ్రిడ్జ్‌లో సూట్‌కేస్ చేతికొచ్చేసరికి 5:09. 5:18కల్లా గేట్ దగ్గర ఉండాలి, ఇంకా తొమ్మిది నిమిషాలు.

అట్లాంటా ఎయిర్‌పోర్ట్ చూడనివాళ్లకి చెప్తా. 1998 నుంచి, ఒక్క 2020 వదిలేస్తే, ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ మంది ప్రయాణికులు తిరిగే ఎయిర్‌పోర్ట్ ఇదే. అంత పెద్దదైనా తీరు చాలా సింపుల్‌గా ఉంటుంది, పొడుగాటి బిల్డింగులు ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబెట్టినట్టు టీ, ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, వాటిని కాంకోర్సులు అంటారు. వాటన్నిటినీ భూమి కింద నుంచి కలుపుతూ ప్లేన్ ట్రైన్ అని ఒక ట్రైన్, 1980 నుంచి నడుస్తోంది, రెండు నిమిషాలకొకటి వస్తుంది. మళ్లీ సెక్యూరిటీ చెక్ ఉండదు, బయటికి వెళ్లక్కర్లేదు. కాబట్టి ట్రైన్ గురించి భయం లేదు, టైమంతా తినేది గేట్ నుంచి మధ్యలో ఉన్న ఎస్కలేటర్ దాకా నడక, మళ్లీ అటువైపు ఎస్కలేటర్ నుంచి గేట్ దాకా నడక. మా విమానం ఆగింది డీలో ఒక చివర. ఎక్కాల్సింది ఏలో.

డీ చాలా ఇరుకు, వెడల్పు చేసే పనులు కూడా నడుస్తున్నాయి, జనం ఎదురొస్తూనే ఉన్నారు, ఒక చేత్తో సూట్‌కేస్, ఇంకో చేత్తో అమ్మ చెయ్యి. నేను పరిగెత్తట్లేదు అనుకుంటున్నా కానీ అమ్మకి అది పరుగే. ఒక చోట ఆగి "ఒరేయ్ నా వల్ల కాదు, నువ్వెళ్లి వాళ్లకి చెప్పు, నేను నిదానంగా వస్తా" అంది. అమ్మకి ఇంగ్లీష్ రాదు, ఫోన్‌లో ఇక్కడి సిమ్ కూడా లేదు, అంత జనంలో ఎలా వదిలేసి వెళ్తా. ఫ్లైట్ పోతే పోయింది అని అప్పుడే గట్టిగా అనుకుని ఉండాల్సింది, ఒకే టికెట్ మీద బుక్ చేశాం కాబట్టి వాళ్లే డబ్బులు తీసుకోకుండా తర్వాతి దాంట్లో వేస్తారు, ఆ సంగతి నాకు తెలుసు కూడా. విడివిడిగా రెండు టికెట్లు కొన్నవాళ్లకి ఆ భరోసా ఉండదు, వాళ్లు రెండో టికెట్ మళ్లీ కొనుక్కోవాల్సి రావచ్చు. అయినా ఆ టైమ్‌లో ఇదంతా బుర్రకెక్కదు.

ట్రైన్‌లో అమ్మ కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ ట్రైన్‌లో ప్రతి స్టేషన్ పేరూ ఒక మాటతో కలిపి చెప్తారు, బీ అంటే బ్రావో, సీ అంటే చార్లీ అని, డీకి మాత్రం డెల్టా అనరు, డేవిడ్ అంటారు, ఆ పేరుతో ఎయిర్‌లైన్ ఉంది కాబట్టి జనం పొరబడతారని. మామూలు రోజైతే ఇవన్నీ అమ్మకి చెప్పేవాణ్ణి. ఆ రోజు నోట మాట రాలేదు, అమ్మ ఆయాసం చూస్తూ నిలబడ్డా.

ఏలో గేట్ దగ్గరికి చేరేసరికి 5:24. తలుపు తెరిచే ఉంది! మమ్మల్ని లేట్ చేసిన వానే ఆ విమానాన్నీ ఆపింది, 5:50కి మార్చారు, యాప్‌లో అప్పటికే వచ్చి ఉంటుంది, పరుగులో నేను ఫోన్ చూడనే లేదు. అమ్మ కూలబడినట్టు కుర్చీలో కూర్చుని, గాజుల డబ్బా మూత తీసి ఒకటి రెండు ఎత్తి చూసి మూత పెట్టింది. చేతులు వణుకుతున్నాయి. నీళ్లు తాగించా. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, తిట్టినా బావుండేది.

వీల్‌చైర్ అడగొచ్చుగా అంటారు. అడగొచ్చు, అడగాలి కూడా, 1986లో వచ్చిన చట్టం ప్రకారం ఇక్కడ ఎయిర్‌లైన్స్ ఒక గేట్ నుంచి ఇంకో గేట్‌కి ఉచితంగా చేర్చాలి, బుకింగ్‌లోనే పెట్టుకోవచ్చు. నేను పెడతానంటే అమ్మే వద్దంది, "నాకేమైందని కుర్చీ" అని. ఒకటి గుర్తుంచుకోండి, వీల్‌చైర్ వాళ్లని మామూలుగా అందరూ దిగాక చివర్లో దింపుతారు, కుర్చీ తోసే మనిషి కోసం కూడా కాసేపు చూడాలి. అంటే వీల్‌చైర్ ఉన్నా 45 నిమిషాలు చాలవు. నా లెక్క ఇప్పుడు ఒక్కటే, పెద్దవాళ్లు పక్కన ఉంటే ఇంత పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో రెండు గంటలకి తగ్గకూడదు, సీట్లు ముందు వరసల్లో ఉండాలి, ఆ రోజుకి అదే ఆఖరి ఫ్లైట్ కాకుండా ఉండాలి.

సీమంతం బాగా జరిగింది. గాజుల్లో ఒక్కటి కూడా పగల్లేదు, చెల్లి చేతులు రెండూ నిండిపోయాయి.

తిరుగు ప్రయాణం టికెట్ మార్పించా, మధ్యలో 2 గంటల 20 నిమిషాలు. బీలో దిగాం, టీకి వెళ్లాలి. ట్రైన్ ఎక్కలేదు, పక్కనే నడిచే దారి ఉంది, మధ్యలో కాళ్లు నొప్పెడితే కదిలే పట్టా మీద నిలబడొచ్చు. బీ నుంచి ఏకి వెళ్లే సొరంగంలో పైకప్పంతా ఆకుల ఆకారంలో కోసిన రేకులు, పచ్చటి వెలుతురు, పక్షుల కూతలు, అడవిలో నడుస్తున్నట్టే ఉంటుంది. అమ్మ తల పైకెత్తి చూస్తూ ఎంత నెమ్మదిగా నడిచిందో, నేను ఒక్కసారి కూడా టైమ్ చూసుకోలేదు. ఏ దాటాక టీకి వెళ్లే దారిలో జింబాబ్వే శిల్పులు చెక్కిన రాతి విగ్రహాలు ఉన్నాయి. మాది విగ్రహాలు చేసే ఊరు కదా, తెనాలిలో శిల్పశాలల ముందు నుంచి రోజూ నడిచిన మనిషి, ఒక్కోదాని ముందూ ఆగి చుట్టూ తిరిగి చూసింది. ఒక తల్లీ బిడ్డా లాంటి బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడి "ఈ రాయి ఏం రాయిరా, భలే నునుపు తీశారు, మీ నాన్నకి చూపించాలి, ఫోటో తియ్యి" అంది. వాచీ కూడా ఈసారి అట్లాంటా టైమ్‌కి మార్చుకుంది, ర్యాలీలోనే చెల్లితో మార్పించుకుందట.