నీటి నడతను బట్టి గుడారం: లక్నవరం నుంచి గోదావరి దాకా

ములుగు జిల్లాలో చెరువు ఒడ్డున ఒక రాత్రి, గోదావరి గట్టున మరో రాత్రి గుడారంలో గడపాలనుకున్నప్పుడు మేం ముందుగా వెతికింది గుడారం కోసం కాదు, సరైన నెల కోసం. వానాకాలాన్ని లెక్కలోకే తీసుకోలేదు. 2023 జులై చివర్లో ఇదే జిల్లా వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ వరదలోనే జంపన్నవాగు కొండాయి గ్రామాన్ని ముంచి ప్రాణాలు తీసింది. అంతకు ముందటి ఏడాది జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. ఎండాకాలం చూద్దామంటే, రాలిన ఆకుతో అడవి మొత్తం నిప్పురవ్వ కోసం కాచుకున్నట్టుంటుంది. ఇక మిగిలింది చలికాలం. అందులోనూ రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర ఏడాదైతే వారాల ముందునుంచే ఆ దారులన్నీ జనంతో నిండిపోతాయి కాబట్టి, జాతర లేని సంవత్సరం చూసుకుని జనవరి నెలాఖరుకు ప్రయాణం ఖాయం చేసుకున్నాం.

మొదట అనుకున్న చోట్లలో పాఖాల చెరువు కూడా ఉంది. కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన ఆ చెరువు అందాన్ని కాదనేవారు లేరు. కానీ అది వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. పైగా ఆ నీళ్లలో మొసళ్లు ఉంటాయి. “ఎవరో అక్కడ టెంట్ వేసుకున్న ఫోటోలు చూశాను బావా” అని మా బావమరిది రెండు మూడుసార్లు గుర్తుచేశాడు. ఎవరో వేసుకోవడం వేరు, అటవీశాఖ ఒప్పుకోవడం వేరు. అందుకని పాఖాలను పగటిపూట చూసే చోట్లలోకి మార్చి, రాత్రి బసకు స్థలం చూసుకునేవారి అనుమతి ముందే దొరికిన చోట్లనే ఉంచుకున్నాం.

వరంగల్ దాటాక పాలంపేటలో ఆగాం. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక సందర్శకులు బాగా పెరిగారు. గుడిని చూసి వెనుదిరిగేవారిలో చాలామంది దాని పక్కనే ఉన్న చెరువు దాకా వెళ్లరు. రేచర్ల రుద్రుడు రెండింటినీ కట్టించాడని తెలిస్తే వెళ్లేవారేమో. పొద్దు వాలకముందే గుడారం వేయాలన్న నియమం పెట్టుకున్నందువల్ల మేం కూడా అక్కడ ఎక్కువసేపు ఉండలేదు.

గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువును చూస్తే కాకతీయుల పొదుపు అర్థమవుతుంది. చుట్టూ కొండలే గట్లుగా నిలిచాయి. ఆ కొండల మధ్య ఉన్న సందులను మాత్రమే కట్టలతో మూశారు. నీళ్ల నడుమ దీవులు, వాటికి వేలాడే వంతెనలు ఉండడంతో పగలంతా సందడిగా ఉంటుంది. గుడారం వేసే మనిషికి ఇక్కడ కావలసిన విషయం వేరే ఉంది. యాసంగి పైర్లకు తూముల ద్వారా నీరు వదులుతారు కాబట్టి జనవరిలో చెరువు మట్టం మెల్లగా తగ్గుతుందే తప్ప పెరగదు. అలాగని నీరు వెనక్కి తగ్గిన చోట గుడారం వేయకూడదు. పైకి ఆరినట్టు కనిపించే ఆ ఒండ్రు మట్టి లోపల తడిగానే ఉంటుంది, మేకులు నిలవవు, చల్లగాలి పల్లానికే దిగి కూర్చుంటుంది. కాస్త ఎత్తుగా, గట్టి నేల ఉన్నచోట, తలుపు ఈశాన్యానికి ఎదురుగా రాకుండా వేసుకున్నాం.

నీటి దగ్గర రాత్రి పడే మంచు, వానకు తీసిపోదు. దానికి తోడు లోపల పడుకున్నవారి ఊపిరి తేమ చల్లటి బట్టకు తగిలి బొట్లుగా మారుతుంది. చలి అని కిటికీలు పూర్తిగా మూస్తే తెల్లవారేసరికి దుప్పట్లన్నీ చెమ్మగిల్లుతాయి. అందుకే రెండు పొరల గుడారం తీసుకుని, లోపలి వల పొరకూ పైపొరకూ మధ్య గాలి ఆడేలా తాళ్లను బిగించి కట్టాం. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉంది కనుక ఆ వలలో చిరుగుల్లేకుండా చూసుకోవడం మరీ ముఖ్యం. వంటకు కట్టెల జోలికి పోకుండా చిన్న గ్యాస్ పొయ్యి, తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు తీసుకెళ్లాం. చుట్టూ ఇంత నీరు ఉన్నా తాగే నీళ్లు మోసుకెళ్లక తప్పదు.

మర్నాడు తాడ్వాయి అడవి మీదుగా ఏటూరునాగారం చేరాం. ఇక్కడి గోదావరి ప్రాణహితనూ ఇంద్రావతినీ కలుపుకుని వచ్చిన గోదావరి. చలికాలంలో సన్నబడినా అవతలి ఒడ్డు దూరంగానే ఉంటుంది. మధ్యలో విశాలమైన ఇసుక తిన్నెలు కనిపిస్తాయి. పిల్లలు వెంటనే అక్కడే వేద్దామన్నారు. మేం ముందే మాట్లాడుకున్న మిరప రైతు మాత్రం ఒక్క మాటలో తేల్చేశాడు:

“ఇసుకల వద్దు సారూ. పైన గేట్లు లేపితె పొద్దుగాలకి నీళ్లు మీ కాళ్లకాడికొస్తయ్.”

ఎగువన తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ ఉంది, ఇంకా పైన మేడిగడ్డ ఉంది. అక్కడ నీరు వదిలితే మన నెత్తిన ఒక్క మబ్బు లేకపోయినా ఇక్కడ మట్టం పెరుగుతుంది. చెరువుకూ నదికీ ఉన్న తేడా ఇదే: చెరువు సంగతి ఒడ్డున నిలబడితే తెలుస్తుంది, నది సంగతి ఎగువన అడిగితే గాని తెలియదు. గట్టు మీది తుమ్మ కొమ్మలకు పాత వరద తగిలించి పోయిన తుక్కును కూడా ఆ రైతే చూపించాడు. అది నా తలకంటే ఎత్తులో ఉంది. స్నానాలకు ఎక్కడ దిగాలో కూడా అతణ్నే అడిగాం. ఇసుక తోడిన చోట్ల మోకాలి లోతు పక్కనే నిలువు లోతు గుంతలుంటాయని అతను ముందే హెచ్చరించాడు కాబట్టి, పిల్లలను ఒడ్డు దాటనివ్వలేదు.

గుడారం చివరికి అతని కల్లం పక్కన, గట్టు మీది గట్టి నేలలో వేశాం. ఎండబెట్టిన మిర్చి మంచుకు తడవకుండా సాయంత్రమే పరదాలు కప్పి, కాపలాకు అతనూ అక్కడే మంచం వేసుకున్నాడు. కాయల ఘాటుకు మాకు అర్ధరాత్రి దాకా తుమ్ములు ఆగలేదు. ఆ పంట రోజుల్లో రాత్రుళ్లు ఏటి గాలిలోనే పడుకునే అతనికి మా ఏర్పాట్లన్నీ వింతగానే తోచి ఉంటాయి.

తడి గుడారాన్ని అలాగే మడిచి ఇంటికి తెస్తే బూజు పడుతుంది. అందుకని పొద్దున ఎండ గట్టిపడేదాకా ఆగాం. మిర్చి మీది పరదాలు తీయడానికి రైతు కూడా ఆ ఎండ కోసమే ఆగాడు. ఈలోగా అతను మా గుడారం బట్టను వేళ్లతో నలిపి చూసి, ఎంతకు కొన్నామని అడిగాడు. ధర చెప్పాను. తన కల్లం మొత్తాన్ని కప్పిన పరదాల వైపు చూపించి, వాటన్నిటికీ కలిపి కూడా అంత కాలేదని నవ్వాడు. గుడారం ఆరి, మడిచి, కారెక్కేసరికి పదిన్నరైంది.