డ్యూటీలో చేసేదే పెట్టాను, మార్కు పోయింది

ఐసీయూలో డ్యూటీ చేస్తూ నార్‌సెట్‌కి (ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల పరీక్ష) చదువుతున్న సిస్టర్స్, బ్రదర్స్ కోసం ఇది రాస్తున్నాను.

మొదటిసారి నాకు ఎక్కువ దెబ్బ పడింది ఆప్టిట్యూడ్‌లో కాదు, క్రిటికల్ కేర్‌లో. రెండేళ్లుగా ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో చేస్తున్నాను కదా, మళ్లీ చదవడమెందుకులే అనుకున్నాను. ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు. తప్పు పెడితే మూడో వంతు మార్కు కోత. ఐసీయూ ప్రశ్న కనబడగానే ఆలోచించకుండా టక్కున పెట్టేశాను.

రూమ్‌కి వచ్చి పుస్తకం తీశాక తెలిసింది. కఫం లాగే సక్షన్‌కి ముందు పేషెంట్ శ్వాస ట్యూబ్‌లో కాస్త సెలైన్ వేయడం మా దగ్గర మామూలు. రొటీన్‌గా వేయకూడదని పుస్తకంలో ఉంది. ఆ ట్యూబ్‌కి గొంతు లోపల ఉండే గాలి బుడగ, అంటే కఫ్, దాని ప్రెషర్ అయితే బయట ఉండే పైలట్ బెలూన్‌ని వేళ్లతో నొక్కి చూసి సరిపోయిందిలే అనుకునేవాళ్లం. ఉండాల్సింది 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం, అదీ ప్రెషర్ కొలిచే మానోమీటర్‌తో చూసి. మా మానోమీటర్ అల్మారాలో భద్రంగా ఉండేది!

ఆ రోజే డైరీలో రెండు గళ్లు గీశాను. ఒకవైపు మేం చేసేది, రెండోవైపు పుస్తకంలో ఉన్నది. ఏ కోచింగ్ నోట్స్ కన్నా నాకు ఇదే పనికొచ్చింది.

అలాగని డ్యూటీలో నేర్చుకున్నదంతా వృథా అనను. కొత్తగా చేరిన నెలలో ఒక రాత్రి వెంటిలేటర్ హై ప్రెషర్ అలారం మోగితే కంగారుపడి సైలెన్స్ బటన్ నొక్కాను. నాకు పని నేర్పే సీనియర్ అక్క చెయ్యి పక్కకు తోసి, "మిషన్‌ని కాదు, ముందు పేషెంట్‌ని చూడు" అంది. ఆయన ట్యూబ్‌ని పళ్లతో గట్టిగా కొరుకుతున్నాడు. ట్యూబ్ మడత పడినా, కఫం అడ్డుపడినా ఇదే అలారం. కనెక్షన్ ఊడితే లో ప్రెషర్ అలారం. కారణం దొరక్కపోతే వెంటిలేటర్ తీసి చేత్తో నొక్కే అంబూ బ్యాగ్‌తో శ్వాస ఇవ్వాలి. రెండోసారి పరీక్షలో ఇలాంటి ప్రశ్నే వస్తే ఆప్షన్లు చదువుతుంటే అక్క గొంతే వినిపించింది.

మందుల డోసు లెక్కలు మాత్రం డ్యూటీలోనే చేసుకోండి. 50 ఎంఎల్‌లో బీపీ పెంచే నోరడ్రినలిన్ 4 మిల్లీగ్రాములు కలిపితే ఎంఎల్‌కి 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి గంటకు 4.5 ఎంఎల్ వెళ్తుంటే కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రాము. మందు ఎక్కించే పంపు చూసిన ప్రతిసారీ ఇలా ఒకటి వేసుకునేదాన్ని. ఏబీజీ (రక్తంలో వాయువుల పరీక్ష) రిపోర్టులూ అంతే, డాక్టర్ చెప్పకముందే ఒక మాట అనుకునేదాన్ని. నైట్ డ్యూటీ దిగాక చదువుదామని మాత్రం కూర్చోకండి, ఒక్క ముక్కా ఎక్కదు.

రెండోసారి ప్రిలిమ్స్ గట్టెక్కాను, ఇప్పుడు మెయిన్స్‌కి చదువుతున్నాను. మొన్న నర్సింగ్ స్టేషన్‌లో డైరీ మర్చిపోతే ఇన్‌ఛార్జ్ సిస్టర్ తిరగేశారట. తిట్లు తప్పవనుకున్నాను. ఏమీ అనలేదు. మర్నాడు డ్యూటీకి వెళ్లేసరికి మానోమీటర్ అల్మారాలోంచి బయటికొచ్చి ఒకటో బెడ్ పక్కన వేలాడుతోంది.