డయాలసిస్ సంచిలో మాయమైన అమైలేజ్

నిన్న సాయంత్రం, ప్రోటీన్లను విడదీసి చూపే జెల్ మీద ఒకే ఒక్క బ్యాండ్ (గీత) కనిపించింది, అంటే నా ఎంజైము శుద్ధంగా వచ్చిందన్నమాట. చాలా రోజుల తర్వాత రాత్రి కంటినిండా నిద్రపోయాను.

ఒంగోలు నుంచి వచ్చి చెన్నైలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. వేడిలో బతికే బ్యాక్టీరియా నుంచి, గంజిని విడగొట్టే అమైలేజ్ ఎంజైము తీయడం నా ప్రాజెక్టు. కోయంబేడు మార్కెట్ దగ్గర కూరగాయల చెత్త కుళ్లి పొగలు వస్తుంటే, ఆ కుప్ప లోపలి నుంచి శాంపిల్ తెచ్చాను. స్టార్చ్ అగర్ ప్లేట్లను 55 డిగ్రీల్లో పెట్టి, మర్నాడు అయోడిన్ పోస్తే అంతా నీలం, కాలనీల చుట్టూ మాత్రం తెల్లటి వలయాలు! వెంటనే అమ్మకు ఫోన్ చేశాను. పెంచడం కష్టం కాలేదు. మీడియంలో గ్లూకోజ్ మాత్రం వేయకండి. చక్కెర తేరగా దొరికితే బ్యాక్టీరియా అమైలేజ్ తయారుచేయడం తగ్గించేస్తుంది.

అమ్మోనియం సల్ఫేట్‌తో ప్రోటీన్‌ను పేరబెట్టాను. ఇక ఆ ఉప్పు పోవడానికి డయాలసిస్ చేయాలి, అంటే శాంపిల్‌ను సన్న రంధ్రాల పొర సంచిలో పోసి బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంలో) ముంచాలి. ఆ సంచికి కావలసిన ట్యూబింగ్ కోసం కొనుగోలు విభాగం నన్ను రెండు నెలలు తిప్పింది. మీరు మొదటి వారమే ఇండెంట్ పెట్టేయండి, వాళ్లను నమ్ముకోవద్దు.

రాత్రంతా 4 డిగ్రీల్లో డయాలసిస్ చేసి, పొద్దున్నే, ఎంజైము పనిచేస్తోందో లేదో రంగుతో చెప్పే డీఎన్ఎస్ పరీక్ష పెట్టాను. ఎర్రబడాల్సిన ట్యూబులు పసుపుగానే ఉండిపోయాయి. 540 నానోమీటర్ల దగ్గర రీడింగు బ్లాంకుతో (ఎంజైము వేయని ట్యూబుతో) సమానం. మూడుసార్లు చేసినా అంతే. ల్యాబ్ మీటింగులో జూనియర్లందరి ముందు గైడు, "నువ్వు ముందు చూపించిన రీడింగులు నిజమేనా?" అన్నారు. ప్రతి అంకె అప్పటికప్పుడు పెన్నుతో రాసుకున్నదాన్ని నేను. నోట మాట రాలేదు. హాస్టల్‌కి వెళ్లి ఏడ్చాను. తప్పు వెతకడానికి సాయం చేయాల్సినవాళ్లు మనిషిని అనుమానిస్తే, పిల్లలు రేపు చెడిపోయిన రీడింగు చూపిస్తారా?

మూడు వారాలు టెన్షన్‌తోనే గడిచాయి. చివరికి పీహెచ్‌డీ చేస్తున్న నెల్లూరు అక్క అడిగింది, "బఫర్ ఎవరు చేశారమ్మా?" అని. పాత బ్యాచ్ వాళ్ల సీసా. దాని మీద "ట్రిస్, పీహెచ్ 8" అని మాత్రమే ఉంది. వాళ్ల నోటుబుక్ తీసి చూస్తే, అది డీఎన్ఏ పనికి చేసుకున్నది, అందులో లోహ అయాన్లను పట్టేసుకునే ఈడీటీఏ కలిపారు! అమైలేజ్‌ను గట్టిగా పట్టి ఉంచేది దాని లోపలి క్యాల్షియం. ఈడీటీఏ ఆ క్యాల్షియాన్నే లాగేసింది.

కొత్తగా ట్రిస్ బఫర్ చేసి, 5 మిల్లీమోలార్ క్యాల్షియం క్లోరైడ్ కలిపి, అదే శాంపిల్‌ను మళ్లీ డయాలసిస్ చేశాను. ట్యూబులు ఎర్రబడ్డాయి. (ఫాస్ఫేట్ బఫర్ వాడకండి, క్యాల్షియం అడుగున తెల్లగా పేరుకుపోతుంది.) ఎంజైమును మిగతా ప్రోటీన్ల నుంచి వేరుచేసే కాలమ్ పని రెండు రోజుల్లో అయిపోయింది.

గైడు జెల్ చూసి, "బాగుంది, థీసిస్‌లో పెట్టు" అన్నారు. ఆ రోజు అన్న మాట ఎత్తలేదు. ఆ మూడు వారాల రీడింగులు కూడా, సున్నాలతో సహా, థీసిస్‌లో పెడుతున్నాను.