కోబాల్ మీద పనిచేస్తూ జావా నేర్చుకోవాలా? నా అనుభవం

చాలా ఏళ్లుగా మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) మీద, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాములతోనే పనిచేస్తున్న నాకు, మా వ్యవస్థలో కొత్తగా చేరే భాగాలన్నీ జావాలో రావడం మొదలయ్యాక, ఆ భాష నేర్చుకోవాలా వద్దా అన్నది తేల్చుకోక తప్పలేదు. కోబాల్‌కు రోజులు దగ్గరపడ్డాయన్న వాదన నన్ను ఒప్పించలేదు. 1959లో రూపకల్పన మొదలైన ఆ భాషకు 2002లో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ సౌకర్యాలు చేరాయి, 2023లో కూడా కొత్త ప్రమాణం వెలువడింది. అందుకే వదంతులను పక్కనపెట్టి, నా పనికి జావా ఎంతవరకు అక్కరకొస్తుందో చూసి నిర్ణయించుకోవాలనుకున్నాను.

రాత్రి బ్యాచ్‌లో (పోగుపడిన పనులన్నీ వరుసగా నడిపే చోట) నడిచే ఒక వడ్డీ లెక్కింపు ప్రోగ్రామును ఎంచుకుని, దానిని జావాలో తిరగరాసి, ఒకే పరీక్ష డేటా మీద రెండింటినీ నడిపి, ఔట్‌పుట్ ఫైళ్లను రికార్డు వారీగా పోల్చాను. సింటాక్స్ త్వరగానే పట్టుబడింది. అసలు పని అంకెల దగ్గర మొదలైంది. జావాలో దశాంశ సంఖ్యలకు ఉన్న డబుల్ రకం 0.1ని కూడా కచ్చితంగా దాచలేదు గనుక డబ్బు విలువలకు, దశాంశాలను కచ్చితంగా దాచే బిగ్‌డెసిమల్ రకం వాడాను. కోబాల్‌లో రౌండెడ్ అని రాయకపోతే ఫీల్డులో పట్టని దశాంశ స్థానాలు మామూలుగా ఏ హెచ్చరికా లేకుండా తెగిపోతాయి. బిగ్‌డెసిమల్‌లో అంతులేని భాగహారం వచ్చినప్పుడు ఎన్ని స్థానాలు ఉంచాలో, ఎలా రౌండ్ చేయాలో చెప్పకపోతే ప్రోగ్రాము ఎక్సెప్షన్‌తో (లోపం చూపి) ఆగిపోతుంది. నియమాన్ని బయటికి చెప్పించే ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. కానీ ఆ నియమం ఏమిటో జావా చెప్పదు. మధ్యలో వచ్చే ఫలితాన్ని దాచుకునే ఫీల్డుకు కోబాల్ పిక్చర్ క్లాజులో (ఫీల్డు రూపాన్ని ప్రకటించే చోట) ఎన్ని దశాంశ స్థానాలు ఇచ్చారో చూసి, అక్కడే తెంపితే తప్ప రెండు ఫైళ్లూ కలవలేదు.

ఇన్‌పుట్ రికార్డులను చదవడానికీ పాత జ్ఞానమే కావలసివచ్చింది. కోబాల్‌లో అంకెలను కుదించి దాచే కాంప్-3 ఫీల్డులో ఒక్కో బైటుకు రెండు అంకెలు, చివరి అర బైటులో ప్లస్ లేదా మైనస్ గుర్తు ఉంటాయి. తొమ్మిది అంకెల విలువ అయిదు బైట్లలో ఇమిడిపోతుంది. రీడిఫైన్స్ (ఒకే స్థలాన్ని వేరే రూపంలోనూ చదవమనే ప్రకటన) ఉన్న చోట ఏ రికార్డుకు ఏ అర్థం వర్తిస్తుందో, రికార్డు నిర్మాణాన్ని చెప్పే కాపీబుక్ ఒక్కటే చూస్తే తెలియదు, ప్రోగ్రాములోని షరతులనూ చదవాలి. మెయిన్‌ఫ్రేమ్ వాడే అక్షర సంకేత పద్ధతి ఎబ్‌సిడిక్‌లో అక్షరాల తర్వాత అంకెలు వస్తాయి, మామూలు కంప్యూటర్లలోని ఆస్కీ పద్ధతిలో అంకెలే ముందు. అందువల్ల సార్ట్ చేసిన ఫైళ్ల వరుస మారి, రెండు ఫైళ్ల రికార్డులను జతపరిచే మ్యాచింగ్ తర్కం దెబ్బతింటుంది.

ఇదంతా చూశాక జావా నేర్చుకోవాలనే నిర్ణయించుకున్నాను. పాత లెక్క కొత్త ప్రోగ్రాములో సరిగా దిగిందో లేదో తేల్చాలంటే రెండు భాషలూ చదవగలిగినవారు కావాలి, ఆ పని కోబాల్ వైపు నుంచి వచ్చినవారు బాగా చేయగలరని నా నమ్మకం. అందుకని ఫ్రేమ్‌వర్కులను తర్వాతకు వదిలి, ముందుగా బిగ్‌డెసిమల్, ఫైళ్లు, డేటాబేస్ అనుసంధానం, యూనిట్ టెస్టుల మీదే సమయం పెడుతున్నాను.