నలభై ఒక్క మంది, ఒక గడియ

మా నాటక సమాజం చిన్నది. తిరుపతిలో పదిహేను మందిమి ఉన్నాం. నటించగలవాళ్లు ఆరుగురు, సలహాలు ఇచ్చేవాళ్లు తొమ్మిది మంది. ఈసారి పరిషత్తులకు, అంటే నాటక పోటీలకు, మూడు నాటికలు సిద్ధం చేయాలనుకున్నాం. కొత్త నటులను ఎంపిక చేసే పని, దర్శకుణ్ణి కాబట్టి, నా నెత్తిన పడింది. నిన్నటితో అది ముగిసింది. మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ప్రకటన సులువే. వాట్సాప్‌లో పెట్టాం, విశ్వవిద్యాలయం గేటు దగ్గర కరపత్రాలు పంచాం. హాలు దగ్గరే దెబ్బతిన్నాం. ఒక పాఠశాలవాళ్లు ఆదివారం ఇస్తామన్నారు. తొమ్మిదికి వెళితే తాళం వేసి ఉంది. కాపలా మనిషికి ఎవరూ చెప్పలేదట. ఇరవై మందిని గంటన్నర ఎండలో నిలబెట్టాం. నోటిమాట నమ్మకండి. తాళంచెవి శనివారం సాయంత్రమే జేబులో వేసుకోండి.

రెండు ఆదివారాల్లో నలభై ఒక్క మంది వచ్చారు. అందులో పదకొండు మంది "కెమెరా ఎక్కడ సార్?" అని అడిగి, లేదనగానే వెళ్లిపోయారు. మంచిదే, సమయం మిగిలింది.

నేను పెట్టే పరీక్ష ఒక్కటే. నటుణ్ణి వేదిక మీద నిలబెట్టి, నేను చివరి వరుసలో కూర్చుంటాను. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే గొంతు దించేస్తారు. "ఆ పొలం నేను అమ్మ..." దాకా వినపడుతుంది. అమ్మాడో, అమ్మలేదో, అమ్మనన్నాడో వెనక కూర్చున్నవాడికి తెలియదు. నాటిక మొత్తం ఆ పొలం మీదే నడుస్తుంటే ఇంకేముంది! వేలాడే మైకులు కాపాడతాయనుకోకండి, అవి మాట కంటే కాళ్ల చప్పుడునే బాగా పట్టుకుంటాయి.

డిగ్రీ కుర్రవాళ్లలో సగం మంది సంభాషణను ఇంగ్లీషు అక్షరాల్లో రాసిమ్మన్నారు. ఇవ్వనన్నాను. మంచి గొంతున్న ఒక అబ్బాయి అలా చేజారిపోయాడు. నా తప్పు కాదు. కొంచెం నా తప్పే.

చిత్తూరు దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు మహాభారతం చెప్పి, ఆడే భారత యజ్ఞాల్లో తెల్లవార్లూ వీధినాటకాలు ఆడిన మనిషి. మా సంభాషణ చదివితే కిటికీ రెక్కలు అదిరాయి. పాత్రేమో ఒక గుమాస్తా, భార్యను కాఫీ అడగాలి. ఆయన కాఫీ అడిగినట్టు లేదు, కురుక్షేత్రానికి పిలిచినట్టు ఉంది. అయినా తీసుకున్నాను. ఉన్న గొంతును తగ్గించవచ్చు, లేనిదాన్ని ఎక్కడ తెస్తాం?

ఇక తల్లి పాత్ర. వచ్చిన ఆడవాళ్లు నలుగురే, ముగ్గురు కాలేజీ పిల్లలు. ఇన్నాళ్లూ మేము పారితోషికం, దారి ఖర్చులు ఇచ్చి బయటి ఊరి నటిని పిలిపించుకునేవాళ్లం. ఆమె రెండు రిహార్సళ్లకు మించి వచ్చింది లేదు. మా కోశాధికారి "చిత్తూరు నాగయ్య గారు కూడా చిన్నతనంలో 'సారంగధర' నాటకంలో రాణి చిత్రాంగి వేషం కట్టినవారే కదా" అంటూ మీసం సవరించుకున్నాడు. ఆ మీసం చూసి ఎవరమూ మాట్లాడలేదు.

నాలుగో ఆవిడ రేణిగుంట నుంచి వచ్చారు. నలభై ఐదేళ్లుంటాయి, ఇంట్లోనే జాకెట్లు కుడతారట. తల్లీకొడుకుల దృశ్యం ఇచ్చి, కొడుకు మాటలు నేనే చదివాను. ఇరవై ఏళ్ల క్రితం ఒక పరిషత్తులో ఉత్తమ సహాయ నటుడి బహుమతి అందుకున్నవాణ్ణి. ఆ జ్ఞాపిక ఇప్పటికీ మా ఇంటి అల్మారాలో అందరికీ కనిపించేచోటే ఉంది. రెండు మాటలయ్యాక ఆవిడ ఆగిపోయారు.

"సార్, మీరు కాగితంతో మాట్లాడుతున్నారు. తల్లితో మాట్లాడుతున్నట్టు లేదు."

ఎవరో నవ్వారు. కోశాధికారే. ఈసారి ఆవిడ ముఖం చూస్తూ మొదలుపెట్టాను. మధ్యలో మాట మరిచిపోయాను, నేను రాసిన మాటే. ఆవిడే అందించారు.

"పాత్ర మీదేనమ్మా" అన్నాను, ఎలాగైనా ఈ ఘట్టం ముగిస్తే చాలని.

"ఉండండి సార్, నేనూ కొన్ని అడగాలి" అంటూ సంచిలోంచి కొలతలు రాసుకునే పుస్తకం తీశారు. రిహార్సల్ ఎన్నింటికి వదులుతారు? పదిన్నరకు, అన్నాను గర్వంగా. ఆ వేళ రేణిగుంటలో ఎవరు దింపుతారు? పరిషత్తుకు వెళితే రాత్రి బస ఎక్కడ, తోడుగా ఇంకో ఆడమనిషి ఉంటుందా? చీర మార్చుకోవడానికి గది ఉందా? ఉంటే తలుపుకు లోపలి గడియ ఉందా? సంక్రాంతి ముందు ఒక సాయంత్రం పోతే పోయే కూలి ఎవరిస్తారు? నేను నీళ్లు నమిలినప్పుడల్లా ఆవిడ పుస్తకంలో ఒక సున్నా చుట్టారు. నా చేతిలో మిగిలిన ముప్పై మందికి పదికి ఇన్నని మార్కులు వేసిన కాగితం ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఆలోచించి చెబుతాను సార్" అని వెళ్లిపోయారు. రెండు ఆదివారాలుగా అందరికీ నేను చెబుతున్న మాట అది.

ఇంటికి వెళ్లి మా ఆవిడతో "మరీ ఇంత పొగరా" అన్నాను. "ఆ హాల్లో నన్ను చీర మార్చుకోమంటారా?" అని అడిగి తను వంటింట్లోకి వెళ్లింది.

నిన్న రేణిగుంట ఆవిడ ఫోను చేశారు. ఆరున్నరకు మొదలై తొమ్మిదికి వదలాలి, ఆటో ఖర్చు సమాజానిది, కాలేజీ పిల్లల్లో ఒకరినైనా తీసుకోవాలి. మూడింటికీ సరేనన్నాను. ఈ ఉదయం కోశాధికారీ నేనూ రిహార్సల్ హాలు వెనక గదిలోని విరిగిన కుర్చీలన్నీ బయట పడేశాం. తలుపు బాగానే ఉంది, గడియ లేదు. వడ్రంగి రేపు వస్తానన్నాడు. ఆవిడ ఎల్లుండి వస్తారు.