ఎక్కుతుంటే కాదు, దిగుతుంటే తాగుతోంది!

మొత్తానికి దొంగ దొరికినట్టే ఉంది. మా మారుతి 800లో కూలెంట్ (ఇంజనును చల్లబరిచే నీళ్లు) ఎక్కడికి పోతోందో తెలియక ఇన్నాళ్లూ తల పట్టుకున్నాం. అది మాయమవుతున్నది సుంకి ఘాట్, అంటే సాలూరు నుంచి ఒడిశాలోని మా సెమిలిగూడకు వచ్చే కొండదారి, ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఇంజను వేడి చూపే ముల్లు లేచేది ఎక్కుడులో కాబట్టి అందరం అటే చూశాం.

సెమిలిగూడ నుంచి అత్తారింటికి సాలూరు దిగితే ముల్లు సగం దాటదు. తిరుగు ప్రయాణంలో మాత్రం పొట్టంగి రాకముందే ఎర్రగీత పక్కకు వచ్చేస్తుంది. థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వని తలుపు) ఉండే డొప్ప మీద, వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి చూస్తే కింద రోడ్డు మీద 84 డిగ్రీలు, ఘాట్‌లో 103. ఫ్యాన్ శుభ్రంగా తిరుగుతోంది. నిజానికి 103కి కూలెంట్ మరగకూడదు. దాదాపు 900 మీటర్ల ఎత్తులో రేడియేటర్ మూత తీసి ఉంటే మామూలు నీళ్లు 97కే పొంగుతాయి గానీ, మూత 0.9 బార్ ప్రెషర్ పట్టి ఉంచితే ఉత్త నీళ్లయినా 116 దాకా మరగవు. మూత కొత్తది, కంపెనీదే. (లోకల్ మూత సగం ధరకే వస్తుంది, స్ప్రింగు చేత్తో నొక్కితేనే తెలిసిపోతుంది దాని సంగతి.) అంటే వేడికి నీళ్లు పోవడం లేదు, నీళ్లు తగ్గాకే వేడెక్కుతోంది.

బయట ఎక్కడా చుక్క లేదు. వాటర్ పంపు కింద పొడి, కార్పెట్ పొడి, ఆయిల్ స్టిక్కు శుభ్రం, సైలెన్సర్‌లో తెల్లపొగ లేదు. సాలూరులో లారీల మెకానిక్ ఒకాయన బానెట్ ఎత్తీ ఎత్తకముందే తేల్చేశాడు. “గేస్కెట్టు పోనాది బాబూ, హెడ్డు దింపేద్దాం.” ఇంజను పైభాగమైన హెడ్డుకీ కిందిదానికీ మధ్య నీళ్లు, గాలి కారకుండా వేసే పొర అన్నమాట. వద్దన్నాను. “అయితే థర్మోస్టాట్ పీకేసి, గుప్పెడు పసుపు పోసి నడిపేయండి” అన్నాడు. లారీల ఊళ్లో పసుపు వైద్యానికి పెద్ద పేరే ఉంది గానీ, అది కన్నంతో పాటు రేడియేటర్ ట్యూబులనూ మూసేస్తుంది. థర్మోస్టాట్ పీకేయడం అంతకన్నా చెడ్డ అలవాటు, కొండమీద చలికాలం ఇంజను సరిగ్గా వేడెక్కదు.

హెడ్డు గేస్కెట్ అని నాకెందుకు అనిపించలేదంటే, సిలిండర్లలో గాలి నొక్కుడు (కంప్రెషన్) మూడింటిలోనూ దాదాపు సమానమే: 12, 11.5, 12. సిలిండర్ పొగ నీళ్లలోకి వస్తోందేమో చూడటానికి రేడియేటర్ నోటి దగ్గర పెట్టే నీలం ద్రవం రంగు మారలేదు. పొద్దున్నే రేడియేటర్ పై గొట్టం నొక్కితే మెత్తగానే ఉంటోంది, లోపల పొగ ఒత్తిడి చేరలేదన్నమాట.

అప్పుడు ఎక్కుడు లెక్క, దిగుడు లెక్క విడదీశాను. సాలూరు దిగాక ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి, మావాడి పాలసీసాతో కొలిచి పోశాను. దానికి గీతలుంటాయి, ఏ కొలతపాత్రకూ తీసిపోదు. దిగుడుకి 220 నుంచి 250 మి.లీ. నిండుగా ఎక్కితే 30, 40 మించలేదు, ముల్లూ కదల్లేదు! రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలేసి దిగుతాం కదా. థ్రాటిల్ (గాలి లోపలికి పోయే తలుపు) మూసి ఉండగా ఇంజను గిరగిరా తిరుగుతుంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, అంటే గాలి, పెట్రోలు సిలిండర్లకి పోయే గొట్టాల్లో, పీల్పు విపరీతంగా ఉంటుంది. ఈ కార్బొరేటర్ బండిలో మానిఫోల్డ్‌ను వేడిగా ఉంచడానికి కూలెంట్ దాని గుండానే పోతుంది. మానిఫోల్డ్ గేస్కెట్ ఎక్కడైనా చీలితే ఇంజను ఆ నీళ్లు పీల్చుకుని తాగేయదా మరి?

స్పార్క్ ప్లగ్గులు తీశాను. మొదటిదీ మూడోదీ గోధుమరంగు, నడుమది కడిగి ఆరబెట్టినట్టు తెల్లగా ఉంది, అంటే నీళ్లు పోతున్నది అందులోకే. (ఎన్‌జీకే ప్లగ్గులే వాడతాను, రంగు చదవడానికి అలవాటైపోయాయి.) చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్‌కి ప్రెషర్ పంపు పెడితే అరగంటైనా 0.9 దగ్గరే నిలబడింది. వేడి మీద పెడితే పది నిమిషాల్లో 0.6కి జారింది, నేల మీద చుక్క లేదు. ప్లగ్గులు లేకుండానే నడుమ కన్నం ముందు అట్టముక్క పట్టుకుని సెల్ఫ్ కొట్టించాను. అట్ట మీద ఆకుపచ్చ తుంపర పడింది, కూలెంటే. తియ్యటి వాసన.

అయినా హెడ్డులో సన్నటి పగులున్నా ఇదే కనిపిస్తుంది. అందుకే మానిఫోల్డ్‌కి వెళ్లే పైపును, వచ్చే పైపును ఊడదీసి ఒకదానికొకటి కలిపేశాను. బిరడా పెట్టి మూసేయలేదు. థర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడు నీళ్లు తిరగడానికి దారి ఉండాలి. ఇప్పుడు వేడి మీద కూడా 0.9 కదల్లేదు, నిన్న ఘాట్ దిగి పాలసీసా తీస్తే పోయాల్సింది ఏమీ లేదు! బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను, వాడికి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

అలాగని ఇలాగే వదిలేయడానికి లేదు. సెమిలిగూడ చలి సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, కొన్నేళ్లు గడ్డి మీద మంచు పేరుకుంటుంది. మానిఫోల్డ్‌కి వేడి లేక ఈ పొద్దున అయిదు నిమిషాలు దగ్గుతూనే ఉంది. పక్కన సునాబెడలో యుద్ధవిమానాల ఇంజన్లు చేస్తారు, నేను మూడు సిలిండర్ల దాంతో తంటాలు పడుతున్నాను.

ఆదివారం మానిఫోల్డ్ విప్పుతాను. దాని ముఖం మీద స్టీలు స్కేలు పెట్టి, కింద సందుని ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు)తో చూసి, 0.1 మి.మీ. రేకు దూరితే విజయనగరం పంపి మిల్లింగ్ చేయించి చదును చేయించడమే. దూరకపోతే కొత్త గేస్కెట్ వేసి, స్టడ్డులు నడుమ నుంచి బయటికి బిగిస్తాను. గేస్కెట్‌కి సిలికాన్ పూయను, పీలికలు లోపలికి పోతాయి.

ఇది తేలాక బండిని దేవమాలి కొండ ఎక్కించి చూడాలి. ఈలోగా ఫ్యాన్ స్విచ్ ఎంత వేడికి ఆన్ అవుతోందో గిన్నెలో నీళ్లు కాచి చూడాలి, డైనమో బెల్టు కూడా కీచుమంటోంది.