ఫోన్లో ‘టిక్’ అన్నారు, నేను కొటేషన్ పెట్టాను: నా అనుభవం

నిన్న సాయంత్రం ఆన్‌కాల్ (సర్వర్లు చెడితే ఏ వేళైనా చూసుకునే డ్యూటీ) పరీక్ష పాసయ్యాను. రెండోసారికి. మొదటిసారి జరిగింది ఇంకా మనసులోంచి పోలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మా టీంలో సర్వర్ల డ్యూటీ ఒంటరిగా చేయాలంటే మూడు మెట్లెక్కాలి. డాక్యుమెంట్లు చదవడం ఒక పూట పని. సీనియర్ పక్కన రెండు వారాలు కూర్చోవడం సాఫీగా అయిపోయింది. మూడోది వాయిస్ డ్రిల్. స్క్రీన్ షేరింగ్ లేదు, చాట్ లేదు. అవతలివాళ్లు కమాండ్లు నోటితో చెబుతుంటే విని టైపు చేయాలి. అర్ధరాత్రి నెట్ పోతే ఫోనే దిక్కు కాబట్టి ఇలాంటి పరీక్ష ఉండాల్సిందే. నా కోపమంతా దాన్ని పెట్టిన తీరు మీద.

పరీక్ష పెట్టినాయన మొదటి లైనే ‘హ్యాష్ బ్యాంగ్ స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్’ (#!/bin/bash) అని ఒక్క ఊపిరిలో చెప్పారు. ఆ లైన్ని వందలసార్లు కళ్లతో చూశాను గానీ ఎవరి నోటా వినలేదు. # కొట్టి, పక్కన బ్యాంగ్ అని నాలుగక్షరాలూ టైపు చేశాను. ! గుర్తుకి బ్యాంగ్ అని పేరుందని ఆ రోజే తెలిసింది. #! జంటని షిబ్యాంగ్ అంటారు. ఫైలు మొదట్లో అది కనిపిస్తే, పక్కన రాసిన ప్రోగ్రాంతో ఆ ఫైల్ని నడపాలని కెర్నెల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి, తెలుస్తుంది. 1980 జనవరిలో డెన్నిస్ రిచీ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెట్టిన ఏర్పాటిది. ‘ఆశ్చర్యార్థకం’ అని ప్రతిసారీ ఫోన్లో ఎవరూ అనలేరు, ఆ పేరు మీద నాకు ఫిర్యాదు లేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. బ్యాకప్ ఫైలు పేరు చివర ఆ రోజు తేదీ రావాలి. ఆయన ‘టిక్ డేట్ ప్లస్ పర్సెంట్ పెద్ద ఎఫ్ టిక్’ అన్నారు. టిక్కు అంటే మనకి జవాబు పత్రంలో మాస్టారు పెట్టే గుర్తు. కీబోర్డులో అది లేదు. కాబట్టి సింగిల్ కొటేషన్ అయి ఉంటుందనుకుని ' పెట్టాను. ఎర్రర్ రాలేదు. ఫైలు తయారైంది.

“చివర ఏముంది?” అన్నారు.

“డేట్ అని ఉందండీ.”

“అదే, ఏ తేదీ?”

“తేదీ లేదండీ. డేట్ అన్న మాటే ఉంది.”

కాల్‌లో ఇంకో ఆరుగురున్నారు. ఎవరో పెద్దగా నవ్వారు. ఆయన కావాలన్నది ` గుర్తు, బ్యాక్‌టిక్. ప్రతి గుర్తుకీ ఒక అంకె ఇచ్చే ఆస్కీ పట్టికలో ' 39, ` 96. చూపుకి అన్నదమ్ముల్లా ఉంటాయి, పని మాత్రం పూర్తిగా వేరు. బ్యాక్‌టిక్‌ల మధ్య రాసింది కమాండ్‌లా నడిచి దాని జవాబు అక్కడికొస్తుంది. కొటేషన్ల మధ్య రాసింది రాసినట్టే ఉండిపోతుంది. కొందరు 'నే టిక్ అంటారని తర్వాత తెలిసింది. అంటే ఆయన మాటకి నేను తీసుకున్న అర్థమూ ఒక అర్థమే!

ఆ తర్వాత ఫైళ్లు చెరిపే కమాండ్‌లో ‘స్ప్లాట్’ అన్నారు. చేతులు కీబోర్డు మీంచి తీసేసి “స్టారేనాండీ?” అని అడిగాను. “ఇదీ తెలీదా?” అన్నారు. * అంటే ‘ఏ పేరైనా’ అని; అక్కడ దాని ముందు ఒక ఖాళీ అదనంగా పడితే ఆ ఫోల్డర్లో ఉన్న ఫైళ్లన్నీ పోతాయి. అలాంటిచోట అడిగినవాణ్ణి తప్పుపట్టే మనిషి పరీక్షలు పెట్టకూడదు. {}ని నేను ఫ్లవర్ బ్రాకెట్ అంటే అలాంటి పేరు ప్రపంచంలోనే లేదన్నారు. ఎందుకు లేదు? 1972లో సరదాకి పుట్టిన ఇంటర్‌కాల్ ప్రోగ్రామింగ్ భాషవాళ్లు {ని ఎంబ్రేస్ అన్నారు, "ని కుందేలు చెవులన్నారు, -ని వానపామన్నారు. మన ఫ్లవర్ బ్రాకెట్ వింటే తెలిసినవాడెవడూ పొరబడడు. వట్టి ‘బ్రాకెట్’ అంటేనే చిక్కు, బ్రిటన్‌లో అది (), అమెరికాలో []. అలాగే #ని పౌండ్ అనకండి, బ్రిటన్‌వాళ్లు £ కొడతారు.

ఫెయిల్ అన్నారు. ఆ రాత్రే నోట్‌బుక్ తీశాను. ఆస్కీలో అచ్చయ్యే 95 గుర్తుల్లో అక్షరాలూ అంకెలూ ఖాళీ తీసేస్తే 32 మిగులుతాయి. ఒక్కోదాని ఎదురుగా దొరికిన పేర్లన్నీ రాసి, గట్టిగా చదువుకున్నాను. వారం తిరిగేసరికి మా టీంలో ఎవరికీ తెలియనన్ని పేర్లు నాకొచ్చాయి, ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

రెండోసారి వేరే మేడం చేశారు. “బ్యాక్‌టిక్, ఎస్కేప్ కింద ఉండేది” అన్నారు. విన్న ప్రతి గుర్తూ తిరిగి చెప్పి, ఆవిడ ఊఁ అన్నాకే ఎంటర్ కొట్టాను. ఒక్క తప్పూ పడలేదు. చివర్లో ఆవిడే అన్నారు: “తేదీకి బ్యాక్‌టిక్ మానేసి, డాలర్ పెట్టి గుండ్రటి బ్రాకెట్లలో రాయి. ఫోన్లో ఎవరూ తప్పు వినరు.” మీరూ అదే చేయండి, మనం కొట్టిన కమాండ్లు నడిపే షెల్ రెండింటినీ ఒకేలా నడుపుతుంది.

సోమవారం నుంచి డ్యూటీ. నా తర్వాత డ్రిల్‌కి వెళ్లాల్సిన అమ్మాయికి ఆ 32 గుర్తుల పేజీ ఫొటో తీసి పంపాను.